అనదర్ ఎపిసోడ్ 0: లిఫ్ట్‌లో ఆ పిల్లని చూసి భయపడ్డందుకు సారీ చెప్పాలనిపించింది

ముందే చెప్తున్నా, స్పాయిలర్లు ఉంటాయి, ఒకటీ రెండూ కాదు. ఆ ఏడాది క్లాసులో ఉన్న చచ్చిపోయిన మనిషి ఎవరు అన్న ఒక్క విషయం మాత్రం బయటపెట్టను, మిగతా అంతా మాట్లాడేస్తా. సిరీస్ చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

అనదర్ గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. యుకితో అయత్సుజి 2009లో రాసిన నవల, దాన్ని పీ.ఏ. వర్క్స్ వాళ్ళు 2012 జనవరి నుంచి మార్చి దాకా 12 ఎపిసోడ్ల యానిమేగా (జపాన్ యానిమేషన్ సిరీస్) తీశారు, డైరెక్టర్ త్సుతోము మిజుషిమా. 1998లో కథ. కోయిచి అనే కుర్రాడు టోక్యో నుంచి అమ్మమ్మ వాళ్ళ ఊరు యోమియామాకి వస్తాడు, అక్కడ స్కూల్లో 3-3 అనే క్లాసులో చేరతాడు, ఆ క్లాసుకి 26 ఏళ్ళ కిందట తగులుకున్న శాపం ఒకటుంది. మిసాకి అనే స్టూడెంట్ చచ్చిపోతే క్లాసు వాళ్ళంతా బాధ తట్టుకోలేక వాడు ఇంకా బతికే ఉన్నట్టు ఏడాదంతా నటించారు, అప్పట్నుంచి కొన్ని సంవత్సరాల్లో ఆ క్లాసులోకి చచ్చిపోయిన మనిషి ఒకరు ఎక్స్‌ట్రాగా వచ్చి కలుస్తారు, తను చచ్చిపోయిన సంగతి ఆ మనిషికే తెలీదు, ఇంక నెలకి ఒకరైనా పోతూ ఉంటారు, క్లాసు వాళ్ళో వాళ్ళ ఇంట్లో వాళ్ళో. ఊరి పేరులోనే ఉంది చూడండి, యోమి అంటే జపాన్ వాళ్ళ పాతాళలోకం, రాసే అక్షరాలు వేరు కానీ చెవికి అలాగే వినపడుతుంది.

ఇందులో జనాలకి గుర్తున్నది రెండే. ఒకటి ఆ గొడుగు చావు (చూసినవాళ్ళకి తెలుసు, నేను ఆ తర్వాత ఒక వారం గొడుగు మొనని గోడవైపు తిప్పి పెట్టేవాడిని), రెండోది ఎడమ కంటికి తెల్ల ప్యాచ్ పెట్టుకున్న మెయి మిసాకి. చావుల సంగతి ఎంత పాపులర్ అంటే, జపాన్‌లో వేరే ఏ షోలో అయినా ఎవరైనా మెట్ల మీద జారితే చాలు "ఇదే అనదర్ అయ్యుంటే ఈపాటికి పోయేవాడు" అని కామెంట్ పెట్టడం అలవాటైపోయింది. నేనూ ఆ బ్యాచే. ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్‌లో హాస్టల్లో ఎవరిదో హార్డ్ డిస్క్‌లో దొరికితే లైట్లు ఆపేసి నలుగురం ఒకే లాప్‌టాప్ మీద పడి చూశాం. చావులకి అరిచాం, చివర్లో షాక్ అయ్యాం, పొద్దున్నే ఇంటర్నల్స్ కి వెళ్ళాం. ఫోల్డర్‌లో 00 అని ఇంకో ఫైల్ ఉండేది, ట్రైలరో ఏదో అనుకుని ఎవరం ముట్టుకోలేదు. అదే ఈ ఎపిసోడ్ 0 అని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది, సిగ్గుచేటు.

ఇది టీవీలో వచ్చింది కాదు, 2012 మే 26న మాంగా (ఇదే కథ కామిక్ రూపం) వాల్యూమ్ 0 లిమిటెడ్ ఎడిషన్‌తో పాటు డిస్కులో ఇచ్చిన ఓవీఏ, అంటే టీవీకి కాకుండా నేరుగా డిస్కు కోసం తీసిన ఎపిసోడ్. పేరు ది అదర్, పక్కన ఇంగా అని ఉంటుంది. ఇంగా అంటే బౌద్ధంలో కారణం, ఫలం, మనవాళ్ళు కర్మ అని తేల్చేసేదానికి దగ్గర్లో ఉండే మాట. టైటిల్ చూసి ఏదో శాపం పుట్టుక గురించి చెప్తారనుకున్నా. అస్సలు కాదు. ఇది మెయి, వాళ్ళ చెల్లి (లేదా అక్క, కవల కదా, ఎవరు ముందు పుట్టారో పట్టుకోకండి) మిసాకి ఫుజియోకా కలిసి గడిపిన కొన్ని రోజుల కథ. కోయిచి రాకముందు. అంతే, ఇంకేం లేదు. శాపం గురించి ఒక్క కొత్త రూల్ కూడా చెప్పదు.

మరి దీని మీద ఇంత పెద్ద రివ్యూ ఎందుకంటే, కొత్త సమాచారం సున్నా, అయినా దీని తర్వాత మొదటి ఎపిసోడ్ మళ్ళీ పెడితే నాకు వేరే సిరీస్ చూస్తున్నట్టు అనిపించింది.

మొదటి ఎపిసోడ్‌లో హాస్పిటల్ లిఫ్ట్ సీన్ గుర్తుందా. కోయిచికి ఊపిరితిత్తి సమస్య, న్యూమోథొరాక్స్, స్కూల్ మొదలయ్యే టైంకి హాస్పిటల్లో పడుంటాడు, ఏప్రిల్ ఆఖరు. లిఫ్ట్ ఎక్కితే లోపల ఒక అమ్మాయి, యూనిఫాం, కంటికి ప్యాచ్, చేతిలో బొమ్మ. మాట లేదు, చూపు లేదు. బటన్ చూస్తే బేస్‌మెంట్ రెండో ఫ్లోర్. అక్కడ వార్డులు ఉండవు, ఉండేది మార్చురీ. వాడు ఏదో అడుగుతాడు, ఇచ్చేది ఒకటి ఉంది, పాపం నా సగం శరీరం అక్కడ ఎదురుచూస్తోంది అన్నట్టు ఏదో అంటుంది, డోర్ తెరుచుకోగానే చీకట్లోకి వెళ్ళిపోతుంది. హాస్టల్లో ఈ సీన్‌కి మా నలుగురిలో ఒకడు దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. దెయ్యమే రా ఇది, ఫిక్స్, అన్నాడు. సిరీస్ కూడా మనం అలాగే అనుకోవాలనే తీసింది కదా, తర్వాత నాలుగు ఎపిసోడ్ల దాకా ఆ పిల్లని క్లాసులో ఎవరూ పలకరించరు, చూడరు, అటెండెన్స్‌లో పేరు పిలవరు, అసలు ఈమె ఉందా లేదా అని కోయిచికీ డౌటే మనకీ డౌటే.

ఎపిసోడ్ 0 చూసి మళ్ళీ ఆ లిఫ్ట్ సీన్ పెట్టా. అక్కడ దెయ్యం లేదు. అప్పుడే తోబుట్టువు పోయిన పదిహేనేళ్ళ లోపు పిల్ల, ఆమెకి ఇస్తానన్న బొమ్మ ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఇవ్వడానికి మార్చురీకి వెళ్తోంది. పక్కన పెద్దవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కతే. మేం దుప్పటి లాక్కుని నవ్వుకుంటూ భయపడింది ఆ పిల్లని చూసి. చేతిలో బొమ్మని హారర్ సినిమాలో బొమ్మలాగా చూశాం, అది గిఫ్ట్. సీన్‌లో ఒక్క ఫ్రేమ్ మారలేదు, మాట మారలేదు, నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది.

ఇక ఓవీఏ సంగతి. మొదటి సగంలో హారర్ అనేదే దాదాపు లేదు, ఇద్దరు ఆడపిల్లలు కబుర్లు చెప్పుకోవడం, తిరగడం. మెయి ఈ సిరీస్ మొత్తంలో ఇంత మామూలుగా ఇంకెక్కడా ఉండదు. సిరీస్‌లో ఆమె గొంతు (నత్సుమి తకమొరి చేసింది) ఎప్పుడూ ఒకే స్థాయిలో, అద్దం మీద గీత గీసినట్టు ఉంటుంది, నేను అది క్యారెక్టర్ స్టైల్ అనుకున్నా, ఆ రోజుల్లో యానిమేలో ఇలాంటి మాట్లాడని అమ్మాయిలు ఫ్యాషన్ కదా. ఇక్కడ మిసాకి పక్కన ఉంటే అదే గొంతు కొంచెం మెత్తబడుతుంది. పెద్ద మార్పేం కాదు, గలగలా నవ్వేయదు, చిన్న తేడా. కానీ ఆ చిన్న తేడా వల్ల సిరీస్‌లో మనం చూసిన మెయి పుట్టుకతో అలా లేదని, సగం పోయాక మిగిలిన మనిషి అని అర్థమవుతుంది. మిసాకి గొంతు నిండా అల్లరి, ఈమె గొంతులో ఆ అల్లరికి ఒప్పుకుంటున్న విసుగు. అక్కచెల్లెళ్ళు ఉన్న ఇళ్ళల్లో రోజూ వినపడేదే.

ఆ తర్వాత జెయింట్ వీల్. అమ్యూజ్‌మెంట్ పార్క్‌కి వెళ్తారు, అక్కడ మిసాకి కింద పడి చచ్చిపోవాల్సింది వెంట్రుకవాసిలో తప్పించుకుంటుంది. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కి పైన ఆగిపోయినప్పుడు కింద చూసి ప్రాణం జారిపోయిన వాళ్ళకి ఈ సీన్ వేరే లెవెల్లో ఎక్కుతుంది, నాకు ఎక్కింది, చేతులు చెమటలు పట్టాయి. అయితే గొప్పతనం ఆ ఎత్తులో లేదు. మామూలు కథలో ఇలాంటి గండం తప్పితే హమ్మయ్య అనుకుంటాం. ఇక్కడ సిరీస్ చూసొచ్చిన మనకి ఆ పిల్ల ఏప్రిల్ దాటదని తెలుసు. చెయ్యి అందుకుని లాగినా, బతికించుకున్నా, డేట్ మారలేదు, అంతే. తప్పించుకోవడం చూసి ఏడుపొచ్చిన సీన్ నేను ఇంకోటి చూడలేదు.

తర్వాత హాస్పిటల్. దాని గురించి ఎక్కువ రాయను, చూడండి.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకి మాత్రమే తగిలే ఒక సంగతి చెప్తా, దీని కోసమే అసలు రాయడం మొదలెట్టా. సిరీస్‌లో మెయి ముందు కోయిచికి చెప్పేది ఏంటంటే, చచ్చిపోయిన మిసాకి ఫుజియోకా నాకు కజిన్ అని. సబ్‌టైటిల్‌లో కజిన్ అనే వేశారు. అక్కడ కోయిచికి ఒక తిరకాసు, ఎందుకంటే శాపం రూల్ ప్రకారం క్లాసు వాళ్ళకి దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్ళే పోతారు, అమ్మానాన్నలు, తాతలు అమ్మమ్మలు, తోబుట్టువులు, అంతవరకే. కజిన్ దాకా రాదు. మరి మిసాకి చావు ఎలా లెక్కలోకి వచ్చింది? చివరికి దగ్గర్లో మెయి నిజం చెప్తుంది, ఇద్దరూ కవలలు. మెయి పెంపుడు తల్లి కిరికాకి పుట్టిన బిడ్డ పురిట్లోనే పోతే, అదే టైంలో వాళ్ళ సిస్టర్‌కి కవలలు పుడితే, ఒకర్ని ఈమెకి పెంపకానికి ఇచ్చేశారు.

మా చెల్లి పక్కన కూర్చుని చూస్తూ కజిన్ అన్న చోట పాజ్ చేయించింది. "అన్నయ్యా, వీళ్ళ అమ్మలిద్దరూ అక్కచెల్లెళ్ళే కదా? అయితే పిల్లలు అక్కచెల్లెళ్ళే అవుతారు కదా, ఇందులో దాచడానికేముంది?" అంది. నిజమే కదా! మనకి పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు అందరూ అక్కలు, చెల్లెళ్ళు, అన్నలు, తమ్ముళ్ళే, వాళ్ళని కజిన్ అని దూరం పెట్టే మాటే తెలుగులో లేదు. జపాన్ కథలో పెద్ద ట్విస్ట్‌గా దాచిన దాన్ని మన వరసలు మొదట్లోనే చెప్పేస్తాయి. పైగా పిల్లలు లేని అక్కకి చెల్లి తన పిల్లని పెంచుకోడానికి ఇవ్వడం మన ఇళ్ళల్లో కొత్తేం కాదు, మా అమ్మ వైపే ఒకరున్నారు, ఆ పిన్ని పెళ్ళయ్యేదాకా ఎవరూ నోరు విప్పలేదు, పెళ్ళికార్డు వేయించేటప్పుడు ఎవరి పేరు వేయాలి అన్న దగ్గర బయటపడింది. అలాంటి ఇంట్లో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఏమని పిలుచుకోవాలో, ఎవరి ముందు ఎంత చనువు చూపించాలో కూడా పెద్దవాళ్ళ మొహాలు చూసి నేర్చుకుంటారు. మెయి, మిసాకిల మధ్య ఉన్న ఆ దాపరికపు చనువు ఎపిసోడ్ 0లో చూస్తుంటే నాకు ఆ పిన్నే గుర్తొచ్చింది.

అన్నట్టు పేర్ల గోల కూడా ఉంది. ఈమె మిసాకి మెయి, ఆమె ఫుజియోకా మిసాకి, 26 ఏళ్ళ కింద పోయినవాడు ఇంకో మిసాకి. జపాన్ వాళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు ఉంటుంది కాబట్టి ఈమెకి మిసాకి ఇంటిపేరు, కవలకి అదే సొంత పేరు. సబ్‌టైటిల్స్‌లో ఇంగ్లీషు వాళ్ళ కోసం తిప్పి వేయడంతో హాస్టల్లో మాకు బుర్ర గిర్రున తిరిగింది. ఒకే ఇంట్లో పెరిగితే ఆమె మిసాకి మిసాకి అయ్యేది, ఇది మా చెల్లి జోకు.

శాపానికి దత్తత కాగితాలు తెలీవు, రక్తం ఒక్కటే తెలుసు. ఇంట్లో వాళ్ళు దాచారు, ఊరికి కజిన్ అని చెప్పుకున్నారు, శాపం మాత్రం నేరుగా వచ్చి తోబుట్టువు లెక్కలో తీసుకుపోయింది. అందుకే మెయి తన పరిస్థితి ఎవరికీ చెప్పుకోలేదు. ఏప్రిల్‌లో క్లాసు వాళ్ళు ఈ ఏడాది శాపం లేదేమో అని కొంచెం ధైర్యంగా ఉన్నారు, ఎందుకనేది చెప్పను, చెప్తే చివరి ట్విస్ట్ పోతుంది. నిజానికి మొదటి చావు ఏప్రిల్‌లోనే అయిపోయింది, అది ఒక్క మెయికే తెలుసు. చెప్పాలంటే ఇంటి గుట్టు చెప్పాలి. చెప్పాలంటే ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, నేను ఆ క్లాసులో ఉండబట్టే నా చెల్లి పోయింది అని. సిరీస్ చూసినప్పుడు ముందే నోరు విప్పి ఉంటే ఇంతమంది పోయేవాళ్ళు కాదు కదా అని మెయి మీద నాకు నిజంగా కోపం వచ్చింది, హాస్టల్లో దీని మీద పెద్ద వాదనే జరిగింది. ఎపిసోడ్ 0 చూశాక ఆ వాదనలో నేను వెనక్కి తగ్గుతున్నా. మే నెలలో క్లాసు వాళ్ళు శాపం ఆపడానికి ఎవరో ఒకర్ని లేనట్టు ట్రీట్ చేయాలి, అది నువ్వే అన్నప్పుడు ఆమె మారుమాట లేకుండా ఒప్పుకోవడం కూడా ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. సగం ఎలాగూ పోయింది, మిగతా సగాన్ని కూడా లేదనుకోండి అన్నట్టు. ఇది సిరీస్ చెప్పలేదు, నా ఊహ, కాదనేవాళ్ళు కాదనండి.

కంటి సంగతి కూడా. నాలుగేళ్ళప్పుడు ట్యూమర్ వల్ల ఎడమ కన్ను తీసేశారు, కిరికా బొమ్మలు చేసే మనిషి కాబట్టి కూతురికి బొమ్మ కన్నే చేసి పెట్టింది. ఆ కంటికి చావు రంగు కనిపిస్తుంది, పోయినవాళ్ళలో, పోబోయేవాళ్ళలో. సిరీస్‌లో ఇది చివర్లో ఎక్స్‌ట్రా ఎవరో కనిపెట్టడానికి పనికొచ్చే పవర్ లాగా వస్తుంది, నాకు అప్పుడు కొంచెం చీటింగ్ అనిపించింది, ముందే తెలిస్తే ముందే చెప్పొచ్చుగా అని. ఇక్కడ అదే కన్ను ఉన్న పిల్ల ప్రాణంలా చూసుకునే మనిషితో పాటు రోజంతా తిరుగుతోంది. ఆ ప్యాచ్ ఎందుకు కట్టుకుందో అప్పుడు అర్థమైంది. అందరూ వింత కంటిని దాచుకోడానికి అనుకుంటారు, కాదు, ఆ కంటికి లోకాన్ని కనపడకుండా చేయడానికి.

వాళ్ళ ఇంటి కింద ఉన్న బొమ్మల గ్యాలరీ, టికెట్‌లో సగమే తీసుకునే ఆ ముసలావిడ, బేస్‌మెంట్‌లో శవపేటికలో పెట్టిన అచ్చం మెయిలా ఉండే బొమ్మ, ఇవన్నీ సిరీస్‌లో ఉన్నవే. ఆ పేటికలో బొమ్మ కిరికా తన పోయిన బిడ్డ కోసం చేసుకుంది. అంటే ఆ ఇంట్లో మెయి ఎవరికో బదులుగా వచ్చిన పిల్ల, ఆ మాట ఆమెకి తెలుసు. ఎవరికీ బదులు కాకుండా మెయిని మెయిలా చూసే మనిషి ఒక్క మిసాకి. ఎపిసోడ్ 0 ఇదంతా డైలాగుల్లో పెట్టి చెప్పదు, అదే నాకు నచ్చింది, ఇద్దర్నీ పక్కపక్కన ఉంచి ఊరుకుంటుంది.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. మిసాకి మరీ మంచి పిల్ల, ఒక్క తప్పు లేదు, ఒక్క చిరాకు లేదు, మన సినిమాల్లో ఇంటర్వెల్‌కి ముందు చచ్చిపోయే హీరో ఫ్రెండ్ లాగా, వచ్చిన మొదటి నిమిషంలోనే వీడు పోతాడ్రా అనిపించేలా. కొంచెం గొడవ, ఒక అలక, పెంపకానికి నువ్వు వెళ్ళావు నేను వెళ్ళలేదు అన్న పుల్ల ఏదైనా పడి ఉంటే ఇంకా నిజంగా ఉండేది. కిరికా వైపు అసలు తవ్వలేదు, పోయిన తన బిడ్డ స్థానంలో పెంచుకున్న పిల్లకి ఇప్పుడు సొంత కవల పోతోంది, ఆ తల్లి ఏమనుకుందో చూపించాల్సింది. బొమ్మల క్లోజప్పులు ఇక్కడ కూడా ఉంటాయి, డైరెక్టర్ గారికి వాటి మీద మోజు తీరలేదు. ఒక్క ఎపిసోడ్ నిడివిలో ఇంతకన్నా కుదరదులెండి, కానీ రెండు భాగాలు చేసినా నేను చూసేవాడిని.

ఇక అందరూ అడిగేది, ముందు చూడాలా తర్వాత చూడాలా. నంబర్ 0 కదా అని ముందు చూస్తారు కొందరు. మా ఇంట్లో రెండూ జరిగాయి. నేను సిరీస్ చూసిన ఏళ్ళ తర్వాత 0 చూశా. మా చెల్లికి మాత్రం నేనే తెలివి లేక 0 ముందు చూపించా. ఆమెకి లిఫ్ట్ సీన్‌లో భయం రాలేదు, అయ్యో పాపం అంది, అంతే. మెయి దెయ్యమా కాదా అని కోయిచి తన్నుకుంటున్న నాలుగు ఎపిసోడ్లూ ఆమె ఫోన్ చూసుకుంది, ఈ అబ్బాయికి ఎప్పుడు తెలుస్తుంది అన్నయ్యా అని రెండుసార్లు అడిగింది. సగం సిరీస్ నా చేతులారా పాడుచేశా. ముందు మీరు భయపడాలి, ఆ పిల్లని దెయ్యం అనుకోవాలి, తప్పు చేయాలి. ఆ తప్పు చేయనివాళ్ళకి ఎపిసోడ్ 0 ఒక మంచి విషాద కథ, చేసినవాళ్ళకి దెబ్బ. కాబట్టి 12 అయ్యాక 0, ఆ వెంటనే మళ్ళీ 1లో ఆ లిఫ్ట్ సీన్ వరకు. గంట పని. అనాబెల్ పాడిన ఆ ఎండింగ్ సాంగ్ స్కిప్ కొట్టకండి, ఈసారి వినపడే తీరు వేరేగా ఉంటుంది.

సిరీస్‌కి నేను పదికి ఏడు ఇస్తా, చివరి రెండు ఎపిసోడ్లలో చావులు కొంచెం ఎక్కువైపోయి నవ్వొచ్చింది. ఎపిసోడ్ 0కి ఎనిమిదిన్నర, ఆ అర మార్కు మిసాకి అలగనందుకు కోసింది, ఇంకో మార్కు కిరికా గురించి.

హాస్టల్లో దుప్పటి లాక్కున్నవాడికి మొన్న మెసేజ్ పెట్టా, ఆ 00 ఫైల్ ట్రైలర్ కాదురా అని. "ఏ ఫైల్?" అన్నాడు.